పూర్తికాని యంత్రం, పూర్తిచేసిన మనుషులు

చార్లెస్ బాబేజ్ 1864లో, తన 72వ ఏట, ‘పాసేజెస్ ఫ్రమ్ ది లైఫ్ ఆఫ్ ఎ ఫిలాసఫర్’ అనే పుస్తకాన్ని ప్రచురించాడు. ‘ఒక తత్త్వవేత్త జీవితంలోని కొన్ని ఘట్టాలు’ అని దానిని మన భాషలో చెప్పుకోవచ్చు. దీనిని ఆత్మకథగా భావించవద్దని ఆయన ముందుమాటలోనే హెచ్చరించాడు. పుస్తకాన్ని ఇటలీ రాజు రెండవ విక్టర్ ఇమ్మాన్యుయేల్‌కు అంకితమిచ్చాడు. పుట్టి పెరిగిన ఇంగ్లండు తన యంత్రాన్ని పట్టించుకోలేదనీ, పరాయి దేశం గౌరవించిందనీ ఆ అంకితం చెప్పకనే చెబుతుంది. పుస్తకమంతటా ఆ నిష్ఠురమే అంతర్వాహినిగా ప్రవహిస్తుంది. అయినా ఇది చదవదగిన పుస్తకం. హాస్యం ఉంది, చురుకు ఉంది, వీధుల్లో వాద్యాలు మోగించేవారి మీద ఒక అధ్యాయం నిండా పట్టరాని కోపం ఉంది. లేనిదల్లా ఆయన భార్య, పిల్లలు, దుఃఖం.

కంప్యూటర్ యుగం మొదలైన తరువాత బాబేజ్‌ను గురించి రాసినవారిలో ఎక్కువమంది ఒక వాక్యం దగ్గర ఆగిపోయారు: ఆయన తన కాలానికంటే ముందు పుట్టినవాడు. ఈ పుస్తకాన్నీ, డోరన్ స్వేడ్ 2000లో వెలువరించిన ‘ది కాగ్‌వీల్ బ్రెయిన్’ అనే గ్రంథాన్నీ పక్కపక్కన పెట్టుకుని చదివిన తరువాత నాకు ఆ వాక్యం మీద నమ్మకం పోయింది. అది పొగడ్తలా వినిపించే ఒక సాకు. బాబేజ్ యంత్రం ఆగిపోవడానికి కారణం కాలం కాదు. చేతికందిన మంచిని పూర్తిచేయకుండానే, కంటికి కనిపించిన మేలైనదాని వెంట వెళ్ళిపోయే స్వభావం అందులో పెద్ద పాలు పంచుకుంది. ఈ అభిప్రాయానికి ఆధారాలను ఇక్కడ వరుసగా చెబుతాను.

ముందుగా, ఆయన తలకెత్తుకున్న సమస్య ఎంత తీవ్రమైనదో గుర్తించాలి. ఆ రోజుల్లో నావికులు, ఖగోళ శాస్త్రజ్ఞులు, బీమా వ్యాపారులు, ఇంజనీర్లు అందరూ అచ్చయిన పట్టికల మీద ఆధారపడేవారు. సంవర్గమానాలు, నక్షత్ర స్థానాలు, వడ్డీ లెక్కలు, అన్నీ మనుషులు చేత్తో కట్టి, చేత్తో నకలు తీసి, చేత్తో అచ్చు కూర్చినవే. ప్రతి మెట్టులోనూ తప్పు దొర్లేది. 1821లో బాబేజ్, ఆయన మిత్రుడు జాన్ హెర్షెల్ కలిసి ఖగోళ సంఘం కోసం రెండు వేర్వేరు చేతులు కట్టిన లెక్కలను సరిపోల్చుతూ ఉండగా తప్పుల మీద తప్పులు బయటపడ్డాయి. ఈ లెక్కలను ఆవిరియంత్రం కడితే ఎంత బాగుండునని బాబేజ్ విసుగుతో అన్నాడట. పట్టికలో ఒక అంకె తప్పితే సముద్రం మీద ఒక ఓడ దారి తప్పవచ్చు. మోతాదులో దశాంశ బిందువు ఒక స్థానం జరిగితే ఏమవుతుందో తెలిసిన వైద్యులకు ఆ విసుగు సులభంగానే అర్థమవుతుంది.

ఆయన కనిపెట్టిన పరిష్కారం అందమైనది. 1, 4, 9, 16, 25 అనే వర్గసంఖ్యలను తీసుకోండి. పక్కపక్క సంఖ్యల మధ్య భేదాలు 3, 5, 7, 9. ఆ భేదాల మధ్య భేదం ఎప్పుడూ 2. అంటే గుణకారం అవసరమే లేదు. 9కి 2 కలిపితే 11, దానిని 25కు కలిపితే 36. ఈ విధంగా కేవలం కూడికలతో ఎంత పెద్ద పట్టికనైనా కట్టవచ్చు. కూడికకు పళ్ళచక్రాలు చాలు. ఇదే డిఫరెన్స్ ఇంజన్‌లోని కీలకం. యంత్రం లెక్క కట్టడమే కాక, ఫలితాన్ని తానే అచ్చుకు సిద్ధంచేయాలని కూడా బాబేజ్ నిర్ణయించాడు. లెక్క సరిగా వచ్చినా, అచ్చు కూర్చేవాడి వేలు తప్పితే ప్రయోజనం లేదని ఆయనకు తెలుసు. తప్పు ఎక్కడెక్కడ దూరుతుందో అంత సమగ్రంగా ఆలోచించినవాడు అంతకుముందు లేడు.

1822లో చిన్న నమూనా తయారైంది. 1823లో ప్రభుత్వం 1,500 పౌన్లు మంజూరుచేసింది. యంత్రభాగాల తయారీకి జోసెఫ్ క్లెమెంట్‌ను నియమించుకున్నారు. క్లెమెంట్ వెస్ట్‌మర్లండ్ ప్రాంతపు చేనేత కార్మికుని కొడుకు. బడి చదువు తక్కువ, చేతిపని అపూర్వం. ఒకే కొలతకు వందలాది చక్రాలను కోయడం ఆనాటి కార్ఖానాలకు అలవాటు లేని పని. దాని కోసం క్లెమెంట్ కొత్త పనిముట్లనే తయారుచేయవలసి వచ్చింది. తరువాతి కాలంలో మరమేకుల చుట్లకు దేశమంతటికీ ఒకే ప్రమాణాన్ని ప్రతిపాదించిన జోసెఫ్ విట్‌వర్త్ ఆయన కార్ఖానాలో పనిచేసినవాడే. 1832 నాటికి యంత్రంలో ఏడో వంతు భాగాన్ని కూర్చి చూపారు. అది పొల్లుపోకుండా పనిచేసింది. ఇప్పటికీ లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది.

ఆ మరుసటి సంవత్సరమే పని ఆగిపోయింది. కార్ఖానాను బాబేజ్ ఇంటి సమీపానికి తరలించాలన్నారు. దానికి తగిన పరిహారం కావాలని క్లెమెంట్ పట్టుబట్టాడు. ఇవ్వలేమన్నారు. ఆయన పనివాళ్ళను పంపివేశాడు. ఆ వృత్తిలోని ఆచారం ప్రకారం, తాను తయారుచేసిన పనిముట్లు తనవేనని తన దగ్గరే ఉంచుకున్నాడు. దీనిలో క్లెమెంట్ మొండితనం లేదనలేను. అయితే పదేళ్ళపాటు చేతులు అరగదీసుకున్న మనిషితో లెక్కాచారం ఎలా చూసుకోవాలన్నది గణితం కంటే కఠినమైన సమస్య. ఎంత మేధావి అయినా ఒక్కడే యంత్రం కట్టలేడు. శస్త్రచికిత్స గదిలో పనిచేసే ప్రతివారికీ తెలిసిన సత్యమే ఇది.

ఇక్కడ బాబేజ్ పక్షాన ఒక మాట చెప్పాలి. 1827 ఒక్క సంవత్సరంలోనే ఆయన తండ్రిని, భార్య జార్జియానాను, ఒక కొడుకును, మరొక పసికందును పోగొట్టుకున్నాడు. ఎనిమిదిమంది సంతానంలో పెద్దవారై నిలిచింది ముగ్గురు కొడుకులు మాత్రమే. స్నేహితుల సలహాపై ఐరోపా అంతా తిరిగి వచ్చాడు. ఆ దుఃఖాన్ని గురించి ఆయన పుస్తకం దాదాపు మౌనం వహించింది. ఆ మౌనమే నన్ను ఎక్కువగా కదిలించింది. 1834లో ఆయన కూతురు కూడా చనిపోయింది. పని మీదే మనసు లగ్నం చేసుకోవలసిన మనిషి ఆ పని పూర్తికాకూడదని లోలోపల కోరుకున్నాడేమో అని ఒక్కొక్కసారి అనిపిస్తుంది. కాని ఇది నా ఊహ మాత్రమే.

కూతురు పోయిన ఆ 1834వ సంవత్సరంలోనే ఆయనకు మరింత గొప్ప ఆలోచన తట్టింది. ఒకే రకం లెక్క కాకుండా, ఏ లెక్క చెప్పినా చేసే యంత్రం. అంకెలను దాచుకునేందుకు ఒక ‘గిడ్డంగి’, వాటి మీద పనిచేసేందుకు ఒక ‘మిల్లు’, ఏ పని తరువాత ఏ పని చేయాలో చెప్పేందుకు పట్టుబట్టల మగ్గంలో జాకార్డ్ వాడినటువంటి చిల్లుల అట్టలు. ఇదే ఎనలిటికల్ ఇంజన్. 1840లో ట్యూరిన్ నగరంలో దీనిని వివరించాడు. ఆ వివరణ ఆధారంగా మెనాబ్రెయా అనే ఇంజనీరు ఫ్రెంచిలో వ్యాసం రాశాడు. ఎడా లవ్‌లేస్ దానిని ఇంగ్లీషులోకి అనువదించి, మూలం కంటే సుమారు మూడురెట్లు పొడవైన వ్యాఖ్యలను జతచేసి 1843లో ప్రచురించింది. నేటి కంప్యూటర్‌లోని ప్రధానాంగాలన్నీ ఆ ఊహలో ఉన్నాయి. దీనిని తక్కువచేయడం నా ఉద్దేశం కాదు.

కాని ప్రభుత్వం వైపు నుంచి చూడండి. మొదటి యంత్రం మీద అప్పటికి 17,000 పౌన్లకు పైగా ఖర్చయింది. 1831లో రాబర్ట్ స్టీఫెన్‌సన్ తయారుచేసిన రైలింజను ఖరీదు 800 పౌన్ల లోపే. అంత సొమ్ము పోసిన యంత్రం పూర్తికాకముందే, దాని కర్త వచ్చి, ఇంతకంటే మేలైనది కనిపెట్టాననీ, పాతదానిని ఏంచేయాలో మీరే నిర్ణయించాలనీ అంటే ఏ ఆర్థికమంత్రి సంతోషిస్తాడు? 1842లో ఖగోళ శాస్త్రజ్ఞుడు జార్జ్ ఎయిరీని సలహా అడిగితే ఆ యంత్రం నిరుపయోగమని తేల్చాడు. ఎయిరీ తీర్పు అన్యాయమైనదే. కాని అదే ఏడాది నవంబరులో ప్రధాని రాబర్ట్ పీల్‌ను కలిసే అవకాశం వచ్చినప్పుడు, యంత్రం వల్ల దేశానికి కలిగే ఉపయోగాన్ని వివరించడం మాని, తనకు జరిగిన అవమానాలను బాబేజ్ ఏకరువు పెట్టాడు. సంభాషణ కోపంతో ముగిసింది. యంత్రానికి ఇరుసు ఎంత ముఖ్యమో ప్రజాధనంతో నడిచే పనికి నమ్మకం అంత ముఖ్యం. అది విరిగిన తరువాత తక్కినవి ఎంత నిక్కచ్చిగా ఉన్నా చక్రం తిరగదు.

దీనికి రుజువు ఆయన జీవితంలోనే ఉంది. 1847 నుంచి 1849 వరకు ఆయన రెండవ డిఫరెన్స్ ఇంజన్‌ను రూపొందించాడు. ఎనలిటికల్ ఇంజన్ నేర్పిన పాఠాలతో నమూనాను ఎంతో సరళం చేశాడు. మొదటిదానికి సుమారు 25,000 భాగాలు కావాలి, దీనికి అచ్చుయంత్రంతో కలిపి 8,000 చాలు. 1852లో ఆ పటాలను ప్రభుత్వానికి ఉచితంగా ఇవ్వజూపాడు. డిజ్రేలీ ఆర్థికమంత్రిగా ఉన్న ఆ ప్రభుత్వం వద్దంది. నిజంగా కట్టదగిన యంత్రం చేతిలోకి వచ్చే సమయానికి వినేవాడు మిగలలేదు.

కాలమే అడ్డమైందనే వాదానికి సైన్స్ మ్యూజియం 1991లో జవాబు చెప్పింది. స్వేడ్ నాయకత్వంలో ఇంజనీర్లు ఆ రెండవ యంత్రపు లెక్కకట్టే విభాగాన్ని బాబేజ్ ద్విశతజయంతి నాటికి కట్టి చూపారు. క్లెమెంట్ చేసిన భాగాలను కొలిచి, ఆనాడు సాధ్యమైన సున్నితత్వాన్ని మించకుండా భాగాలను తయారుచేశారు. యంత్రం 31 అంకెల ఫలితాలను తప్పులేకుండా ఇచ్చింది. 2002లో అచ్చుయంత్రం కూడా పూర్తయింది. నిజమే, 1991లో ఒకే రకం భాగాలను వేగంగా కోసే యంత్రాలున్నాయి, క్లెమెంట్‌కు లేవు. ఆనాడైతే ఖర్చూ కాలమూ ఎన్నోరెట్లు పట్టేవి. ఖరీదైనదన్న మాట ఒప్పుకుంటాను, అసాధ్యమన్న మాట ఒప్పుకోలేను.

ఇంకా గట్టి జవాబు ఆయన జీవించి ఉండగానే స్వీడన్ నుంచి వచ్చింది. స్టాక్‌హోంలో గేయోర్గ్ షోయిట్జ్ అనే ముద్రాపకుడు ఉండేవాడు. బాబేజ్ యంత్రాన్ని గురించి డయోనీసియస్ లార్డ్‌నర్ 1834లో రాసిన వ్యాసం ఆయన కంటబడింది. అప్పటికింకా చదువుకుంటున్న కొడుకు ఎడ్వర్డ్‌తో కలిసి సొంతంగా ఒక నమూనాను కట్టడం మొదలుపెట్టాడు. 1843 నాటికి అది పనిచేసింది. 1853లో, కొంత ప్రభుత్వ సహాయంతో, పూర్తి యంత్రం తయారైంది. బాబేజ్ యంత్రపు సొగసు దానికి లేదు. తప్పు జరిగితే తానంతట తాను బిగుసుకుని ఆగిపోయే జాగ్రత్తలు కూడా అంతగా లేవు. కాని అది లెక్క కట్టింది, ఫలితాన్ని అచ్చుకు సిద్ధంచేసింది. 1855లో పారిస్ ప్రదర్శనలో బంగారు పతకం గెలుచుకుంది. తరువాత అమెరికాలోని ఆల్బనీ నగరంలో ఉన్న డడ్లీ వేధశాల దానిని కొనుక్కుంది.

ఈ ఘట్టంలో బాబేజ్ ప్రవర్తన ఎంతో ఉన్నతమైనది. ఆయన అసూయపడలేదు. షోయిట్జ్ తండ్రీకొడుకులకు రాయల్ సొసైటీ పతకం ఇవ్వాలని బహిరంగంగా వాదించాడు. భారతదేశంలో కంపెనీ వారి బెంగాల్ సైన్యంలో పనిచేస్తూ సెలవుపై వచ్చిన కొడుకు హెన్రీ, ఆ యంత్రపు పనితీరును వివరించే పటాలు గీసి పండితసభలో ప్రదర్శించాడు. తన ఊహను పరాయివారు పూర్తిచేస్తే హర్షించగలిగిన మనిషి అంత కటువైనవాడేమీ కాదు.

వైద్యుడిగా నన్ను ఆపివేసిన విషయం మాత్రం దీని తరువాతిది. షోయిట్జ్ యంత్రం మాదిరిగా మరొకదానిని లండన్‌లో డాన్‌కిన్ కంపెనీ తయారుచేసింది. దానిని కొన్నది జనన మరణాలను నమోదుచేసే ప్రభుత్వ కార్యాలయం. అక్కడ గణాంకాల బాధ్యత విలియం ఫార్‌ది. వైద్యం చదివి, మరణాలను లెక్కపెట్టడం ద్వారా బతుకులను కాపాడవచ్చని నిరూపించినవాడు ఆయన. ఏ వయసువారు ఎందరు, ఏ వయసు దాకా జీవిస్తారో చెప్పే జీవన పట్టికను సిద్ధంచేయడంలో ఆ యంత్రాన్ని వాడుకున్నాడు. యంత్రం తరచు మొరాయించేది, పక్కన కనిపెట్టుకుని ఉండవలసి వచ్చేది. పుస్తకంలో కొన్ని పుటలు మాత్రమే పూర్తిగా దాని చేతిమీదుగా వచ్చాయి. అయినా వచ్చాయి. ఆ జీవన పట్టిక వెలువడిన సంవత్సరం 1864. తన యంత్రాన్ని దేశం కట్టనివ్వలేదని బాబేజ్ పుస్తకం ప్రచురించిన సంవత్సరం కూడా అదే. అదే నగరంలో, అదే సూత్రంతో, అంత సొగసులేని ఒక యంత్రం మనుషుల ఆయుర్దాయాన్ని లెక్కకడుతూ ఉంది.

ఈ స్వభావం ఒక్క యంత్రానికే పరిమితం కాదు. 1847లో బాబేజ్ కంటి లోపలి పొరను చూసే సాధనాన్ని తయారుచేశాడు. అద్దం వెనుక పూతను మధ్యలో కొద్దిగా గీకి, ఆ సందులోంచి చూసే ఏర్పాటు అది. దానిని వార్టన్ జోన్స్ అనే నేత్రవైద్యుడికి చూపించాడు. ఆయన దాని విలువను గుర్తించలేదు. బాబేజ్ అంతటితో వదిలేశాడు. 1851లో హెల్మ్‌హోల్ట్జ్ తన ఆఫ్తాల్మోస్కోప్‌ను స్వతంత్రంగా ప్రకటించాడు. నేత్రవైద్యం స్వరూపమే మారిపోయింది. బాబేజ్ సాధనం సంగతి వార్టన్ జోన్స్ 1854లో రాసిన తరువాతే లోకానికి తెలిసింది. ఒక్క నిపుణుడు పెదవి విరిస్తే మరో నిపుణుడి దగ్గరకు వెళ్ళవచ్చు, ఒక పుట వ్యాసమైనా రాయవచ్చు. ఆ నాలుగేళ్ళలో కంటిలోని జబ్బు కనిపించక చూపు పోగొట్టుకున్నవారిని ఎవరు లెక్కపెట్టారు?

నా వాదానికి ఎదురు వాదం ఉంది. బాబేజ్ మొదటి యంత్రాన్ని బుద్ధిగా పూర్తిచేసి కూర్చుని ఉంటే ఎనలిటికల్ ఇంజన్ ఊహ పుట్టేదే కాదని కొందరంటారు. అశాంతి లేనివాడికి కొత్త ఊహ రాదన్నది నిజం. కాని ఊహ పుట్టడం వేరు, పాత పనిని వదిలివేయడం వేరు. ఆ ఊహ అయినా తరువాతి తరాలకు ఎలా చేరింది? నేటి కంప్యూటర్‌ను కట్టినవారిలో ఎక్కువమంది దానిని సొంతంగా మళ్ళీ కనుగొన్నవారే. దొరికిన కొద్దిపాటి సంబంధం కొడుకు హెన్రీ పుణ్యం. తండ్రి 1871లో మరణించాక, సైన్యం నుంచి విరమించిన హెన్రీ మిగిలిన చక్రాలతో చిన్న నమూనాలు కూర్చి విశ్వవిద్యాలయాలకు పంపాడు. తండ్రి రచనలను సేకరించి 1889లో ప్రచురించాడు. హార్వర్డ్‌కు పంపిన నమూనాను దశాబ్దాల తరువాత హొవార్డ్ ఐకెన్ చూశాడు. అక్కడి తొలి భారీ గణనయంత్రాన్ని కట్టించినవాడు ఆయనే. ఊహ తండ్రిదైతే, దానిని మూటకట్టి దాచి అందించిన ఓపిక కొడుకుది.

ఇది పాత కథ కాదు కనుకనే ఇంత దూరం రాశాను. నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో, మూత్రపిండాలు దెబ్బతిన్న రోగులకు మందుల మోతాదు సరిచూసుకునే పట్టిక ఒకటి వార్డు గోడకు అంటించి ఉండేది. అంతకంటే ఎంతో మెరుగైన కంప్యూటర్ వ్యవస్థ రాబోతున్నదని దానిని తీసివేశారు. ఆ వ్యవస్థ రావడానికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ అర్ధరాత్రి వేళ ఎవరికి వారు లెక్క కట్టుకున్నాం. కొత్తది నిజంగానే మెరుగైనది, సందేహం లేదు. కాని మధ్యలో వచ్చిన రోగులకు అది మెరుగైనది కాదు. వారికి గోడమీద కాగితమే మేలు. మేలైనదాని కోసం ఎదురుచూసే కాలానికి కూడా ఒక ఖరీదు ఉంటుందనీ, దానిని చెల్లించేది ఆవిష్కర్త కాదనీ బాబేజ్ జీవితం మనకు చెబుతోంది.

ఆత్మకథలో ఒక ముచ్చట ఉంది. చిన్నతనంలో తల్లితో కలిసి మెర్లిన్ అనే ఆయన ప్రదర్శనశాలలో ఒక వెండి నాట్యకత్తె బొమ్మను చూశాడు. పెద్దయ్యాక అదే బొమ్మ వేలానికి వస్తే కొని, విడదీసి బాగుచేసి, తన ఇంట్లో ఆడించాడు. విందుకు వచ్చినవారు నాట్యకత్తె చుట్టూ మూగేవారట. పక్కగదిలో ఉన్న లెక్కల యంత్రం దగ్గర విదేశీయులు మాత్రమే నిలబడేవారట. ఇంగ్లండు అజ్ఞానానికి నిదర్శనంగా ఆయన దీనిని చెబుతాడు. నాకు మరోటి తోచింది. బొమ్మ పూర్తయింది కనుక ఆడింది. యంత్రం ఏడో వంతే ఉంది.

బాబేజ్ మెదడును కొడుకు వైద్యశాస్త్రానికి అప్పగించాడు. సగం రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ వారి హంటేరియన్ మ్యూజియంలో, మరో సగం సైన్స్ మ్యూజియంలో భద్రపరిచారు. 1909లో విక్టర్ హార్స్‌లీ దానిని పరీక్షించి వ్యాసం ప్రచురించాడు. ఆయన ఊహాశక్తి రహస్యాన్ని అక్కడ వెదకడం కంటే ఈ ఆత్మకథను చదవడం మేలు. స్వత్వాధికారం ఏనాడో తీరిపోయింది కనుక అంతర్జాలంలో ఉచితంగానే దొరుకుతుంది. ఇంజనీరింగు చదివే మన పిల్లలకు, ముఖ్యంగా ఏ పనీ నూటికి నూరుపాళ్ళు కుదిరేదాకా ఎవరికీ చూపించని తెలివైన పిల్లలకు, దీనిని చదవమని చెప్పండి. చదివాక, క్లెమెంట్ ఎవరో, షోయిట్జ్ ఎవరో, హెన్రీ ఎవరో కూడా చెప్పండి.